ఖర్మ కాదు బాబాయ్, కారణం!

"చదివితే ఏడుపొస్తుంది, చివరికి పరిష్కారం ఉండదు, ఇలాంటి పుస్తకాలు ఎందుకండీ?"

ఈ మాట స్టైన్‌బెక్ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' గురించి విన్నాను. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గురించీ విన్నాను. కేశవరెడ్డి నవలల గురించైతే ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. కాస్త సాహిత్యం చదువుకున్నవాళ్ళు దీనికి ఇంకో ముక్క తగిలిస్తారు: "అది నేచురలిజం కదా, వాళ్ళకి అంతా తలరాతే. మనిషి చేతుల్లో ఏమీ లేదంటారు."

మొదటి మాటతో నాకు పేచీ లేదు. ఏడుపు నచ్చనివాళ్ళు హాయిగా వేరే పుస్తకం చదువుకోవచ్చు, ఎవరి అభిరుచి వాళ్ళది. రెండో మాటతోనే నా గొడవంతా. అది తప్పు. మా విస్సన్నపేట లాంటి చోట అది మనుషుల ప్రాణాలకి ముడిపడ్డ తప్పు కూడా. నవలకీ విస్సన్నపేటకీ ఏంటి సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నా, కొంచెం ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. నేచురలిజాన్ని మనవాళ్ళు ప్రకృతివాదం అన్నారు, సహజవాదం అన్నారు. ప్రకృతివాదం అనగానే కొండలు, వాగులు, వెన్నెల, భావకవులు గుర్తొస్తారు. ఈ బాపతు నవలల్లో వెన్నెల దాదాపు సున్నా. అందుకని ఇంగ్లీషు మాటే వాడతాను, తిట్టుకోకండి.

ఈ వాదానికి మూలపురుషుడు ఫ్రాన్సు రచయిత ఎమిల్ జోలా. క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరశాస్త్రవేత్త 1865లో ప్రయోగాత్మక వైద్యం మీద ఒక పుస్తకం రాశాడు. జోలా 1880లో దాన్ని పట్టుకుని, వైద్యుడు చేసే పని నవలాకారుడు ఎందుకు చెయ్యకూడదు అన్నాడు. ఒక మనిషిని తీసుకో. వాడి వంశం, వాడి డబ్బు, వాడి ఊరు, వాడి కాలం, అన్నీ దగ్గర పెట్టుకో. ఇప్పుడు ఏం జరుగుతుందో చూసి, చూసింది రాయి. తీర్పు చెప్పకు. ఇంతే సిద్ధాంతం. అమెరికాలో దీన్ని స్టీఫెన్ క్రేన్ 'మ్యాగీ' (1893), ఫ్రాంక్ నోరిస్ 'మెక్‌టీగ్' (1899), డ్రైజర్ 'సిస్టర్ క్యారీ' (1900) అందుకున్నాయి. ఆ దారిలోనే 1939లో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' వచ్చింది. అది అచ్చమైన నేచురలిజమా, కాస్త ఆశావాదం కలిసిందా అని ప్రొఫెసర్లు ఇప్పటికీ తన్నుకుంటుంటారు. వాళ్ళని తన్నుకోనిద్దాం.

ఇప్పుడు చెప్పండి, ఇందులో తలరాత ఎక్కడుంది?

తలరాత, ఖర్మ అన్నమాటల్లో ఒక సుఖం ఉంది. ఆ ఖాతా పోయిన జన్మలోది. దాన్ని మీరు తెరవలేరు, నేను తెరవలేను, కలెక్టరుగారు కూడా తెరవలేరు. "వాడి ఖర్మ" అన్నాక ఇక అడగటానికేం మిగలదు. చాయ్ తాగి లేచిపోవటమే. నేచురలిస్టు నవల చేసే పని సరిగ్గా దీనికి తలకిందులు. ఖాతా ఈ జన్మలోదే, ఇదిగో చిట్టా, ఒక్కో పద్దూ చదువు అంటుంది. అందుకే అది చదవటం కష్టం. చదివాక "అయ్యో పాపం" అని ఊరుకోవటం ఇంకా కష్టం.

మా వృత్తిలో ఒక అలవాటుంది. అప్లికేషన్ పడిపోయిందని ఎవడో కంప్లయింట్ పెడతాడు. బద్ధకస్తుడైన ఇంజనీరు రెండు నిమిషాలు చూసి "యూజర్ ఎర్రర్" అని రాసి టికెట్ మూసేస్తాడు. పని తెలిసినవాడు లాగ్ ఫైలు తెరుస్తాడు. వాడు నొక్కిన బటన్ తప్పే కావచ్చు. కానీ ఆ బటన్ అక్కడ ఎందుకుంది? ముందు స్క్రీన్ వాడికేం చెప్పింది? సర్వర్ అప్పటికే ఎంత లోడు మీద ఉంది? ఇలా వెనక్కి వెళ్తూ పోతే చివరికి దొరికేది ఎప్పుడో, ఎవరో, ఒక మీటింగులో తీసుకున్న నిర్ణయం అయి ఉంటుంది. నా దృష్టిలో నేచురలిజం అంటే టికెట్ మూసెయ్యటానికి ఒప్పుకోని ఇంజనీరు.

'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' అయిదో అధ్యాయం అలాంటి లాగ్ ఫైలే. ఓక్లహామాలో దుమ్ము రేగి పంటలు పోయాయి. కౌలుదారుల్ని ఖాళీ చెయ్యమంటున్నారు. ట్రాక్టరు వచ్చి ఇల్లు కూల్చబోతోంది. నడిపేవాడు ఎవరో కాదు, తెలిసినవాళ్ళ కుర్రాడే, రోజుకి మూడు డాలర్ల కూలికి వచ్చాడు. కౌలుదారుడు తుపాకీ పట్టుకుని ఎవణ్ణి కాల్చాలో చెప్పమంటాడు. నన్ను కాలిస్తే ఇంకొకడు వస్తాడు, నాకు చెప్పింది బ్యాంకు అంటాడు డ్రైవరు. బ్యాంకుకి చెప్పిందెవరు? తూర్పున ఎవరో. వాళ్ళకి చెప్పిందెవరు? గొలుసు అలా పోతూనే ఉంటుంది. ఇదంతా చదివి "చూశారా, ఎవరి తప్పూ లేదు, అంతా విధి" అనేవాళ్ళున్నారు! వాళ్ళు ఆ అధ్యాయంలోనే ఆ కౌలుదారుడు చివర్లో అనేది చదవలేదన్నమాట. ఇది పిడుగు కాదు, భూకంపం కాదు, మనుషులు చేసిన చెడ్డపని, మనుషులు చేసిందాన్ని మార్చొచ్చు అని వాడి భావం.

ఇక విస్సన్నపేట.

మాది మెట్ట. 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా, జిల్లా ఏదైనా నేల అదే. మామిడి తోటలు, పత్తి, మిర్చి, మొక్కజొన్న. నాగార్జునసాగర్ ఎడమ కాలువలో మాది మూడో జోన్, అంటే తోక. నీళ్ళు నల్గొండ దాటి, ఖమ్మం దాటి మా దాకా రావాలి. 2014 తర్వాత తల ఒక రాష్ట్రంలో, తోక ఇంకో రాష్ట్రంలో. కాలువని నమ్ముకుంటే అయ్యేది కాదని బోరు వేస్తారు. బోరులో నీళ్ళు పడితే అప్పు, పడకపోతే ఇంకో బోరు, ఇంకో అప్పు.

ఇప్పుడు ఒక కౌలు రైతుని తీసుకుందాం. పేరొద్దు. ఒక మనిషి కూడా కాదనుకోండి, మా వైపు ఏ ఊళ్ళో చూసినా ఉండేవాడు. భూమి ఇంకొకరిది. కౌలు ముందే కట్టాలి. బ్యాంకుకి వెళ్తే పాస్‌బుక్ అడుగుతారు, అది ఆసామి పేరు మీద ఉంది. పైగా ఆసామి అప్పటికే ఆ భూమి మీద పంట రుణం తీసుకుని ఉంటే, అదే సర్వే నంబరు మీద ఇంకోటి ఇవ్వరు. పంట వేసేది ఒకడు, పంట రుణం ఇంకొకడికి! 2011లో రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, పదకొండు నెలల ఒప్పందం, సాగుదారుడికి కార్డు. కాకపోతే ఆ ఒప్పందం మీద ఆసామి సంతకం కావాలని షరతు పెట్టారు. ఆసామి పెట్టడు. "రేపు భూమి నాదంటాడు" అని భయం. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని అదే చట్టం చెప్తున్నా సరే.

బ్యాంకు తలుపు మూసుకుంది కదా, మనవాడు పురుగుమందుల కొట్టుకి వెళ్తాడు. విత్తనాలు, ఎరువులు, మందులు అన్నీ అరువు. పంట మాత్రం ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన ధరకే. ఇంటి ఖర్చులకి ఊళ్ళో చేబదులు, నూటికి రెండు రూపాయల వడ్డీ. వినటానికి రెండే. నెలకి రెండంటే ఏడాదికి 24 శాతం. మన హోమ్ లోన్ వడ్డీ అరశాతం పెరిగితే మనం వారం రోజులు మొహం మాడ్చుకుంటాం. ఆపైన మిర్చికి నల్లతామర పురుగు వచ్చినా, పత్తి తీసే రోజుల్లో వాన పడినా, ఆ పద్దులన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఇలాంటివాడొకడు పోయినప్పుడు ఊళ్ళో కూర్చున్నాను. వరసకి బాబాయ్ ఒకాయన, మంచివాడే, పక్కనున్నాడు.

"ఏం చేస్తాం అబ్బాయ్, వాడి ఖర్మ. అయినా వాడికి మొదట్నుంచీ చేతకాదు. తాగుడొకటి."

"తాగింది ఎప్పట్నించి బాబాయ్?"

"ఆ.. రెండో బోరు ఎండినకాడ్నించి."

చూశారా! లాగ్ ఫైలు మొత్తం ఆయన దగ్గరే ఉంది. తారీకుతో సహా ఉంది. అయినా టికెట్ మాత్రం "చేతకాదు, తాగుడు" అని మూసేశాడు.

బాబాయ్ ఒక్కడే అయితే నేనింత పెద్ద టపా రాసేవాణ్ణి కాదు. ప్రభుత్వం చేసేదీ అదే. 2004 జూన్‌లో జీవో 421 వచ్చింది. అప్పుల బాధతో చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పు తీర్చటానికి మరో యాభై వేలు. 2019కి ఆ సాయం 7 లక్షలయింది. మంచిదే, కాదనను. కానీ డబ్బు రావాలంటే డివిజన్ స్థాయి కమిటీ వచ్చి, అది నిజంగా వ్యవసాయ కారణమా, 'ఇతర కారణాలా' అని తేల్చాలి. కుటుంబ కలహాలు, అనారోగ్యం, తాగుడు ఇవన్నీ ఇతర కారణాలు. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోరా? బోరు ఎండితే నిద్ర పడుతుందా, నిద్ర పట్టనివాడికి జబ్బు చెయ్యదా? ఫారంలో మాత్రం ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి. పైగా కౌలు రైతుకి కాగితమే లేదు కదా, వాడు రైతని రుజువేంటి? అంటే బతికుండగా అప్పు పుట్టకుండా చేసిన కాగితమే, పోయాక సాయం రాకుండా కూడా చేస్తుందన్నమాట. జాతీయ నేర గణాంకాల సంస్థ 1995 నుంచి రైతుల ఆత్మహత్యల లెక్కలు విడిగా ఇస్తోంది. 2014లో గడులు మార్చి రైతుల్ని ఒకవైపు, వ్యవసాయ కూలీల్ని ఇంకోవైపు వేశారు. గడి మారితే అంకె మారుతుంది, చచ్చినవాడు మాత్రం చచ్చినవాడే.

నేచురలిజం ప్రశ్న సరిగ్గా ఇదే. కారణం అని దేన్ని అంటాం? చివరి నిమిషాన్నా, మొత్తం గొలుసునా?

ఇక్కడ మనకి గోపీచంద్ కావాలి. ఆయన మా పాత కృష్ణా జిల్లావాడే, అంగలూరు. 1940ల్లో 'అసమర్థుని జీవయాత్ర' రాశాడు. దాన్ని తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని పాఠాలు చెప్తారు, అలా అని వదిలేస్తారు. నా మటుకు నాకు అది అంతకంటే పెద్ద పుస్తకం. సీతారామారావు అనే ఆసామి. తండ్రి పోతూ పోతూ వంశం పరువు నిలబెట్టమని చెప్పి పోతాడు. ఆస్తి కరిగిపోతుంది, పరువు మాట మాత్రం మెడకి కట్టినట్టే ఉంటుంది. పని చెయ్యటం వాడికి ఎవరూ నేర్పలేదు, అడగటానికి అహం ఒప్పుకోదు. చివరికి శ్మశానంలో అంతం. ఊరు వాణ్ణి 'అసమర్థుడు' అంటుంది. ఆ మాటనే గోపీచంద్ పుస్తకానికి పేరుగా పెట్టి, లోపల పేజీపేజీకీ ఆ అసమర్థత ఎలా తయారైందో చూపించాడు. అట్ట మీద తీర్పు, లోపల సాక్ష్యం. మనం అట్ట చదివి ఊరుకున్నాం! సీతారామారావుని తిట్టుకోవటానికి ఆ నవల చదివేవాళ్ళున్నారు. ఆయన ఎమ్.ఎన్.రాయ్ రాడికల్ డెమోక్రటిక్ పార్టీలో పనిచేసినవాడు, తలరాతని ఒప్పుకునే మనిషి కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు ఖర్మ సిద్ధాంతం రాస్తాడా, మీరే ఆలోచించండి :)

కేశవరెడ్డి 'మూగవాని పిల్లనగ్రోవి' కూడా అప్పుల్లో భూమి పోగొట్టుకున్న రైతు కథే. అందులో వాస్తవాన్ని దాటిపోయే సంగతులున్నాయి కాబట్టి దాన్ని అచ్చమైన నేచురలిజం అనను. కానీ భూమి పోవటం ఎలా జరుగుతుందో, పోయాక మనిషిలో ఏది విరిగిపోతుందో ఆయన చూసిన చూపు మాత్రం ఆ బడిదే. ఆయన వృత్తి రీత్యా డాక్టరు, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేశాడు. జోలా నవలాకారుణ్ణి డాక్టరులా ఉండమన్నాడు. మనకి డాక్టరే నవలాకారుడు అయ్యాడు.

సరే, నా వాదానికి ఎదురుగా ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాచి నెగ్గటం నాకిష్టం లేదు. ఫ్రాంక్ నోరిస్ 1901లో 'ద ఆక్టోపస్' అని ఇంకో నవల రాశాడు. కాలిఫోర్నియాలో గోధుమ రైతులకీ రైలు కంపెనీకీ గొడవ. దానికి మూలం 1880లో మసెల్ స్లౌ అనే చోట నిజంగా జరిగిన కాల్పులు. నవల చివర్లో ప్రెస్లీ అనే కవి కోపంతో రైలు కంపెనీ అధినేత దగ్గరికి వెళ్తాడు. ఆ పెద్దమనిషి చాలా శాంతంగా, నాయనా, గోధుమలు ఒక శక్తి, రైళ్ళు ఒక శక్తి, ఇందులో మనుషులు నిమిత్తమాత్రులు, తప్పు పరిస్థితులది అనే అర్థం వచ్చేట్టు సెలవిస్తాడు. కవిగారు నోరు తెరుచుకుని బయటికొస్తాడు! అంటే "అంతా పరిస్థితులే" అనే మాట చచ్చినవాడికంటే చంపినవాడికే ఎక్కువ పనికొస్తుంది. వడ్డీ వ్యాపారీ అదే అంటాడు, కొట్టు ఆసామీ అదే అంటాడు, మార్కెట్టండీ, నా చేతుల్లో ఏముంది అని.

నిజమే, నేచురలిజాన్ని అలా వాడుకోవచ్చు. సగం చదివితే దేన్నైనా ఎలాగైనా వాడుకోవచ్చు. 'శక్తి' అని ఒక్క మాట అని ఆగిపోతే అది ఖర్మకి కోటు తొడిగినట్టే. అందుకే నోరిస్ కంటే స్టైన్‌బెక్ నాకు దగ్గర. ఆయన 'శక్తి' అని వదిలెయ్యడు. బ్యాంకు, ట్రాక్టరు, రోజుకూలీ, పాత కార్లమ్మేవాడు, పళ్ళు కొయ్యటానికి అవసరానికి మించి మనుషుల్ని రప్పించే కరపత్రం, అలా ఒక్కో లంకెనీ చేత్తో పట్టుకుని చూపిస్తాడు. ఆయనా, ఆయన స్నేహితుడు ఎడ్ రికెట్స్ అనే సముద్ర జీవశాస్త్రవేత్తా కలిసి 1941లో 'సీ ఆఫ్ కోర్టెజ్' అని పుస్తకం వేశారు. 'ఇలా ఉండాల్సింది' అనేది కాసేపు పక్కనపెట్టి 'ఇలా ఉంది' అనేది ముందు పూర్తిగా చూడాలన్నది అందులో వాళ్ళ ఆలోచన. చూడటం అయ్యాక ఊరుకోమని వాళ్ళనలేదు.

పరిష్కారం ఏదీ అంటారా? 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్'లో అదీ ఉంది, కానీ ఉపన్యాసంలా ఉండదు. రోడ్డు పక్క గుడిసెల్లో పోలీసులు తరుముతుంటే బతికిన జోడ్ కుటుంబం, కొన్నాళ్ళు ప్రభుత్వ శిబిరానికి చేరుతుంది. అక్కడ కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, శిబిరం వ్యవహారాలు చూసుకునే కమిటీలు వాళ్ళవే. అదే మనుషులు, అవే చేతులు, అదే చదువు. కానీ తల ఎత్తుకుని తిరుగుతారు. మా భాషలో దీన్ని ఏ/బి టెస్టింగ్ అంటారు. మనిషిని అలాగే ఉంచి పరిస్థితి ఒక్కటీ మార్చి చూడు. ఫలితం మారిందా? అయితే లోపం మనిషిలో లేదు. ఇంతకంటే పరిష్కారం ఒక నవల ఏమిస్తుంది? అందుకే కాబోలు, 1939 ఆగస్టులో కాలిఫోర్నియా కెర్న్ కౌంటీ పెద్దలు ఆ పుస్తకాన్ని లైబ్రరీల్లోనూ బడుల్లోనూ నిషేధించారు. తలరాత గురించి రాసిన పుస్తకాన్ని ఎవరైనా నిషేధిస్తారా? తలరాత వల్ల ఎవరికీ నష్టం లేదు. కారణాలు రాస్తేనే నిషేధం.

ఆఖరుగా మన సంగతి. మనం అంటే ఈ పేజీ చదువుతున్న మీరూ, రాస్తున్న నేనూ. హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని, ఊళ్ళో రెండో మూడో ఎకరాలు కౌలుకిచ్చిన జనం. ఆ గొలుసులో మనం ఎక్కడున్నాం? ఒకచోట ట్రాక్టరు డ్రైవర్లం, ఎవరికి అప్పివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చే సాఫ్ట్‌వేర్ రాసేది మనవాళ్ళే. ఇంకోచోట మనమే ఆసాములం. ఆ పదకొండు నెలల కాగితం మీద పెట్టని సంతకం మనది, మన నాన్నలది. మా ఇంట్లో ఈ సంతకం మీద రెండేళ్ళు వాదన నడిచింది, చివరికి పెట్టారు. భూమి గట్టు కూడా కదల్లేదు. ఎక్కడుండేది అక్కడే ఉంది.

కాబట్టి ఈసారి ఎవరైనా నేచురలిజం అంటే నిరాశ, తలరాత అంటే, ఒక్క ప్రశ్న వెయ్యండి: "గొలుసులో మీ లంకె ఏది?" చాలామంది టాపిక్ మారుస్తారు. మార్చనివ్వండి. మీరు మాత్రం ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కౌలు కాగితం సంగతి ఇంట్లో ఎత్తండి. పెద్దవాళ్ళు అరుస్తారు. అరిచినా ఫరవాలేదు, సంతకం పెట్టించండి.